పెన్సిలుతో వ్రాసిన ఆరు

ఈ ఆగస్టులో అమెరికాలోని మా క్యారీ పట్టణంలో మరొక తెలుగమ్మాయి హైస్కూలు రసాయనశాస్త్ర ఉపాధ్యాయినిగా చేరబోతున్నది. పేరు ప్రసన్న. గుంటూరులో ఎమ్మెస్సీ చదివి, ఇక్కడికి వచ్చి మళ్ళీ పరీక్షలు వ్రాసి, బోధించే లైసెన్సు సంపాదించుకున్నది. మొన్న మా ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ చల్లారేదాకా కూర్చుని, చివరికి అడిగింది: "మాస్టారూ, మీరు ఇరవై రెండేళ్లు చేశారు కదా. అసలు ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పరూ?"

"కాళ్లు నొప్పులు పుడతాయమ్మా. మంచి బూట్లు కొనుక్కో" అన్నాను.

నవ్వింది. కాఫీ తాగి వెళ్లిపోయింది. నేను చెప్పినది అబద్ధమేమీ కాదు గాని, ఆమె అంతదూరం కారు నడుపుకుని వచ్చింది బూట్ల కోసం కాదని ఇద్దరికీ తెలుసు. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు గనుక, ప్రసన్నా, ఇదంతా నీకోసమే వ్రాస్తున్నాను. జీతాలు, పదోన్నతులు, తనిఖీలు, ప్రతి ఏడాదీ కొత్తగా నింపవలసిన పాత ఫారాలు ఇందులో ఉండవు. వాటిని నీకు చెప్పడానికి ఆఫీసులో మనుషులున్నారు.

నేను చెప్పదలచినది ఉప్పునీళ్లను గురించి.

రఫ్ పుస్తకం, ఫెయిర్ రికార్డు

అమెరికాకు రాకముందు తొమ్మిదేళ్లు కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాను. అక్కడి ప్రాక్టికల్సు ఎలా జరిగేవో నీకు వర్ణించి చెప్పనక్కరలేదు. నువ్వూ అలాగే చదివి ఉంటావు. విద్యార్థి తన కొలతలను మొదట రఫ్ పుస్తకంలో పెన్సిలుతో వ్రాస్తాడు. డిమాన్‌స్ట్రేటరు చూసి సంతకం పెడతాడు. ఆ తర్వాత అట్ట వేసిన రికార్డులో, ఎడమవైపు బొమ్మ, కుడివైపు వచనం, నీలం సిరాతో ముత్యాల్లాగా ఫెయిరు వ్రాస్తాడు. పరీక్షకు వచ్చే పెద్దమనిషి చూసేది ఆ ఫెయిరునే. రఫ్ పుస్తకం పొట్లాలు కట్టుకోవడానికి పోతుంది.

ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న సందులో మా వృత్తి అంతా జరిగేది. బ్యూరెట్టు గాజుగొట్టంలో ఎంత రావాలో పిల్లలకంటే ముందు అటెండరుకు తెలుసు. అతడు బీకర్లు కడుగుతూ కడుగుతూ ఆ సంఖ్యను గాలిలోకి వదిలేవాడు. ఆ సంఖ్య రాని కుర్రవాడు నా దగ్గరకు వచ్చి బిక్కమొహం వేస్తే, "ఒక పాయింటు తగ్గించుకో, సరిపోతుంది" అనేవాణ్ణి. పెన్సిలు వెనక రబ్బరు ఉండేది. దానిని మేము మోసమని అనుకోలేదు. ఒక్క కొలత తప్పినందుకు ఏడాది పోగొట్టుకోబోయే పిల్లవాణ్ణి గట్టెక్కిస్తున్నామనే అనుకున్నాము. నేను ఆ రోజులను తిట్టడం లేదు. కాని గాజుగొట్టం ఒకటి చెప్పి పుస్తకం మరొకటి చెప్పినప్పుడు పుస్తకమే గెలవాలని తొమ్మిదేళ్లపాటు పిల్లల చేతులకు నేర్పాను. నా చేతికి కూడా నేర్పుకున్నాను.

వింత ఏమిటంటే, మా ఇంట్లో నేను నేర్చుకున్నది దీనికి సరిగ్గా విరుద్ధమైన విద్య. మా నాన్నగారు ఉభయభాషా ప్రవీణులు. పాత తాళపత్ర ప్రతులను సరిపోల్చి పరిష్కరించేవారు. నాకు పదేళ్లప్పుడు ఆయన ప్రక్కన కూర్చుని ఒక ప్రతి పైకి చదివి వినిపించడం నా పని. ఒకనాడు యతి తప్పిన పాదం ఒకటి వచ్చింది. "ఇది తప్పు నాన్నగారూ, ఇక్కడ ఈ మాట ఉండాలి" అని గర్వంగా అన్నాను.

ఆయన తలెత్తకుండానే చెప్పారు: "నీకలా తోస్తే అడుగున రాసిపెట్టు. పైనున్నదాన్ని ముట్టుకోకు. ఆ రాసినవాడు మూఢుడో, నువ్వు మూఢుడివో, వెనక వచ్చేవాడు తేలుస్తాడు."

ఆ మాట నాకు కంఠతా వచ్చింది. అది కావ్యాలకే గాని లవణాలకు వర్తించదని ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనే అలా అనుకున్నాను.

డోరిస్

ఇక్కడ మా సైన్సు విభాగానికి పెద్ద డోరిస్ అనే ఆవిడ. ఈ రాష్ట్రంలోనే తూర్పువైపు పొగాకు పండించే కుటుంబంలో పుట్టి, ముప్ఫై ఏళ్లుగా అదే భవనంలో పాఠాలు చెబుతున్న మనిషి. కళ్లద్దాలకు గొలుసు. ఎవరినీ మెచ్చుకోదు. పగిలిన పరీక్షనాళికకు ఇంట్లో మనిషి తప్పిపోయినంత విచారణ చేస్తుంది. నా ఇంటిపేరు పలకడం ఎవరివల్లా కాకపోతే, మొదటి అక్షరం ఉంచి తక్కినదంతా కొట్టివేసి నన్ను "మిస్టర్ వి" చేసినది కూడా ఆవిడే.

చేరిన మొదటివారంలో నా బల్ల మీద నల్లసిరా కలాల పెట్టె ఒకటి పెట్టింది. తన ప్రయోగశాలలో పెన్సిలు గ్రాఫులకు మాత్రమేనని, పిల్లలు పుస్తకంలో వ్రాసేదంతా సిరాతోనేనని, తప్పు వస్తే దాని మీద ఒక్క అడ్డగీత గీసి ప్రక్కన కొత్తది వ్రాయాలని, క్రిందనున్నది చదవడానికి వీలుగానే ఉండాలని చెప్పింది. నేను తల ఊపాను. తరగతిలోకి వెళ్లి నా అలవాటు ప్రకారం పిల్లలకు పెన్సిళ్లే ఇచ్చాను. చిన్నవాళ్లు, తప్పులు వ్రాస్తారు, తర్వాత ఫెయిరు చేసుకుంటారు కదా అనుకున్నాను.

ఆవిడ అది చూసింది. "ఇది మీరు దయ అనుకుంటున్నారు" అన్నది. "నేను ఒకసారే చెబుతాను, మిస్టర్ వి. మీరు పెద్దవారు."

డోరిస్ నాకు ఎన్నడూ నచ్చలేదు. ఆవిడ రిటైరయ్యాక కూడా నచ్చలేదు. ఆవిడ చెప్పినది నిజం కావడానికి ఆవిడ నాకు నచ్చనక్కరలేదని ఒప్పుకోవడానికి మాత్రం నాకు పదకొండేళ్లు పట్టింది.

ఇంటి గరిటె

సైన్సు పోటీలకని, ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి వాయువులు తీసే ప్రాజెక్టును ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఉప్పు వంటింట్లో ఉంటుంది, బ్యాటరీ బొమ్మకారులో ఉంటుంది, బుడగలు చూడడానికి బాగుంటాయి. పిల్లలకు ఇష్టం, తల్లిదండ్రులకు సులభం. పర్యవేక్షించేవాడికే ప్రాణసంకటం. ఒక కడ్డీ దగ్గర హైడ్రోజన్ వస్తుంది, అది మంటకు అంటుకుంటుంది. రెండవదాని దగ్గర క్లోరిన్ వస్తుంది, అది ఊపిరితిత్తులకు అంటుకుంటుంది. పొగలు లాగివేసే గాజు అలమారాలో తప్ప మరెక్కడా చేయనివ్వకు. ఇంట్లో గరాజులో చేస్తామంటే ఒప్పుకోకు, ఎంత బ్రతిమాలినా సరే.

ఇంకొక సంగతి మన ఇళ్లకు ప్రత్యేకం. కడ్డీలు బొగ్గువై ఉండాలని నేను కాగితం మీద వ్రాసి పంపినా, మనవాళ్ల ఇంటి నుంచి స్టీలు గరిటె వచ్చేది. ఒక ఏడు ఒక తల్లి స్వయంగా రెండు గరిటెలు పట్టుకుని వచ్చింది.

"స్టెయిన్‌లెస్సే కదండీ మాస్టారూ! మా పెళ్లికి పెట్టినవి. ఇరవై ఏళ్లయినా చిన్న మచ్చ కూడా పడలేదు, చూడండి."

"అమ్మా, మచ్చ పడనిది సాంబారులో. కరెంటు పెడితే వేరు."

"ఒక్కసారి పెట్టి చూపించండి, పాపకి కూడా తెలుస్తుంది."

చూపించాను. అది నా తప్పే. పదినిమిషాలలో నీళ్లు పచ్చబడి, ఆపైన బురదరంగుకు తిరిగాయి. ఆవిడ వంగి చూసి, "అయ్యో, ఇదేంటండీ, గోరింటాకు పసరులా ఉంది?" అన్నది. స్టీలులోని క్రోమియం నీళ్లలోకి దిగిందని, అది విషమని, ఆ నీళ్లను కాలువలో పోయకూడదని చెప్పాను. డోరిస్ వచ్చి వాటిని సీసాలో పోసి, మూత బిగించి, పుర్రె బొమ్మ అంటించింది. "సరే గాని, ఆ గరిటెలు ఇచ్చేయండి, కడుక్కుంటాను" అన్నది ఆ తల్లి. ఆ గరిటెల కోసం తర్వాత రెండు నెలలు ఫోను చేసింది.

ఇది నవ్వుకోదగ్గ తప్పు. నవ్వుకోలేని తప్పు ఇంకొకటి చేశాను.

హారిక

హారిక పదకొండవ తరగతి పిల్ల. ఇక్కడే పుట్టింది. తండ్రి రమణారావుగారు మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తారు. గుడిలోనూ దీపావళి సభలోనూ మా కుటుంబానికి పరిచయం. అందువల్ల ఆ పిల్లకు నేను తరగతిలో "మిస్టర్ వి", తరగతి బయట "అంకుల్". తొందరలో ఉన్నప్పుడు రెండూ కలిపేది.

ఆ పిల్ల ఎత్తుకున్న ప్రశ్న చిన్నది. చిక్కటి ఉప్పునీళ్లలోకి కరెంటు పంపితే, సమీకరణం ప్రకారం హైడ్రోజన్ ఎంత వస్తే క్లోరిన్ కూడా అంతే రావాలి. నిజంగా వస్తుందా? రెండు కొలతగీతల గాజుగొట్టాలు ఉప్పునీళ్లతో నింపి, తొట్టిలో తలక్రిందులుగా నిలిపి, వాటి క్రింద బొగ్గు కడ్డీలు పెట్టింది. ఉప్పు వాళ్లమ్మ ఆవకాయకని దాచుకున్న కల్లుప్పు. అయోడిన్ కలపనిది కావాలని నేనే అడిగాను.

జనవరిలో ఒక సాయంకాలం, బడి విడిచాక, మొదటి కొలత తీసింది. నా ముందు నలభై ప్రయోగ నివేదికలు దిద్దవలసినవి ఉన్నాయి. ఆ నెలంతా నాకు నడుము నొప్పి. ఇవి సాకులు గానే వ్రాస్తున్నాను. సాకులు ఎలా ఉంటాయో నీకూ తెలియాలి.

"మిస్టర్ వి, ఇటు హైడ్రోజన్ ట్వంటీ వచ్చింది. ఇటు క్లోరిన్ ఓన్లీ సిక్స్."

"ఎక్కడో కారుతోంది. చూడు."

"చెక్ చేశాను, అంకుల్. త్రీ టైమ్స్. ఒక్క బబుల్ కూడా లీక్ అవ్వట్లేదు."

"సమానంగా రావాలి కదమ్మా. ఈక్వేషన్ ఏమంటోంది?"

"ఈక్వేషన్ ఈక్వల్ అంటుంది. ట్యూబ్ సిక్స్ అంటుంది."

ఎంత చక్కటి మాట! ఇప్పుడు వ్రాస్తూ ఉంటే నాకు వినిపిస్తున్నది. అప్పుడు వినిపించలేదు. నేను లేచి వెళ్లి ఆ పిల్ల చేతిలోని పెన్సిలు తీసుకున్నాను. వెనక రబ్బరుతో ఆరును తుడిచాను. ఆ చోట పందొమ్మిది వేశాను.

"పూర్తిగా ఇరవై వేస్తే ఎవరూ నమ్మరు" అని కూడా చెప్పాను. తొమ్మిదేళ్ల అనుభవం కదా.

"బట్... అది రాలేదు కదా?"

"వచ్చి ఉండవలసింది. ఎక్కడో పొరపాటు జరిగింది. పోస్టరు మీద ఇది పెట్టుకో."

హారిక పుస్తకం మూసింది. వాదించలేదు. మన పిల్లలు వాదించరు. నేను వెళ్లి నివేదికలు దిద్దుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. మరునాడూ ఆ మరునాడూ, అవే నీళ్లు పారబోయకుండా, గొట్టాలను మళ్ళీ వాటితోనే నింపి ప్రయోగం చేసింది. అలమారా దగ్గర ఆ రెండు రోజులూ నిలబడినది డోరిస్. నేను నడుముకు వైద్యం కోసం వెళ్లాను. హైడ్రోజన్ ఇరవై దగ్గరే ఆపితే, రెండవసారి క్లోరిన్ పదకొండు వచ్చింది. మూడవసారి పదిహేను. వాటిని తర్వాతి పుటలో వ్రాసుకున్నది. నన్ను అడగలేదు. అడిగితే నేను మళ్ళీ పెన్సిలు తీసుకుంటానని అనుకుని ఉంటుంది.

శనివారం

పోటీ జరిగినది ఫిబ్రవరిలో, ఒక పెద్ద వ్యాయామశాలలో. బల్లలు, అట్ట పోస్టర్లు, కొత్త చొక్కాలు తొడుక్కున్న పిల్లలు. ఇందులో నెగ్గినవారు రాష్ట్రస్థాయికి వెళతారు. హారికకు ఆ ఆశ గట్టిగా ఉన్నది. వేసవిలో ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో పనిచేసే అవకాశం ఆ దారినే వస్తుందని ఆ పిల్లకు తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు.

నేను నాలుగడుగుల దూరంలో కాగితపు కప్పుతో కాఫీ పట్టుకుని నిలబడ్డాను. వచ్చిన న్యాయనిర్ణేత నీలం స్వెట్టరు వేసుకున్న ముసలి రసాయనజ్ఞుడు. మంచివాడు, మెల్లగా మాట్లాడాడు. పోస్టరు మీది క్లోరిన్ అంకెలు చూపిస్తూ ఆయన ఇంగ్లీషులో అడిగినదాన్ని నాకు గుర్తున్నంతలో తెలుగులో చెబుతున్నాను.

"మొదట పందొమ్మిది. తర్వాత పదకొండు. ఆ తర్వాత పదిహేను. పడి, మళ్ళీ లేచింది. ఎందుకమ్మా?"

హారిక పోస్టరు మీది పందొమ్మిదిని చూసింది. ఆయన ప్రయోగపుస్తకం అడిగి తీసుకున్నాడు. మొదటి పుట దగ్గర ఆగి, పుస్తకాన్ని దీపం వైపు ఏటవాలుగా పట్టుకున్నాడు. పెన్సిలును తుడిచినా కాగితం మీద నొక్కు పోదు.

"ఇక్కడ ఆరు ఉండేదా?"

"యెస్, సర్."

"ఆరు, పదకొండు, పదిహేను. అలా అయితే నాకు అర్థమవుతుంది. క్లోరిన్ నీళ్లలో కరుగుతుంది. నీళ్లు దానితో నిండేకొద్దీ గొట్టంలోకి ఎక్కువ చేరుతుంది. ఇది చాలా మంచి ఫలితం, తెలుసా? ఎవరు తుడిచారు దీన్ని?"

హారిక ఆయన భుజం మీదుగా నావైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. కాఫీ కప్పు నా చేతిని కాలుస్తున్నదని మాత్రం గుర్తున్నది.

"ఐ డిడ్" అన్నది.

ఆయన నిట్టూర్చి, తన అట్టమీది కాగితంలో ఏదో వ్రాసుకున్నాడు. కొలతలు మార్చినట్టు వ్రాశాడని సాయంకాలం తెలిసింది. ప్రాజెక్టును పోటీనుంచి తీసివేశారు.

బయట కార్ల దగ్గర రమణారావుగారు కూతుర్ని నిలబెట్టి మాట్లాడుతున్నారు. గొంతు పెంచలేదు. ఆయన పెంచే మనిషి కాదు.

"నేను రోజూ చేసే పనే ఇది, హారికా. మా దగ్గర టేబుల్ మీద వైట్‌నర్ కనపడితేనే మీటింగ్ పెడతారు. డేటా మార్చాడని తెలిస్తే బ్యాడ్జ్ తీసుకుని బయటికి నడిపిస్తారు. అలాంటిది నా ఇంట్లో..." అంటూ నన్ను చూసి ఆగారు. "సారీ అండీ మాస్టారూ. మీరింత హెల్ప్ చేస్తే, మీ పేరు కూడా పోగొట్టింది."

అప్పుడైనా చెప్పవలసింది. నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "చిన్నపిల్ల కదండీ. పోనివ్వండి."

నేను చేసిన పనికి ఆ పిల్లను నేను క్షమించాను. ఇరవై రెండేళ్లలో ఇంతకంటే నీచమైన మాట మరొకటి నేను అనలేదు. హారిక తన బూట్లవైపు చూస్తూ కారెక్కింది.

ఆదివారం, సోమవారం

మరునాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. లలితగారు, హారిక తల్లి, తలుపు తీసి, "రండి అన్నయ్యగారూ, ఇడ్లీ పెడుతున్నాను, కూర్చోండి" అన్నారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే ఇడ్లీ తింటాను, తింటే చెప్పలేను.

"రమణారావుగారూ, ఆ అంకె తుడిచింది నేను. పందొమ్మిది వేసింది నేను. ఆ అమ్మాయి వద్దనే అన్నది."

ఆయన "మీరా?" అన్నారు. "మీరు... చేతితోనే?"

"నా చేతితోనే."

"నిన్న నా ఎదురుగా ఉన్నారు కదండీ మీరు."

"ఉన్నాను."

ఆయన మెట్లవైపు తిరిగి కూతుర్ని పిలిచారు. హారిక సగం మెట్లు దిగి ఆగింది.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"మీరే కదా డాడీ, అంకుల్‌వాళ్ల ముందు ఆర్గ్యూ చేయొద్దు అంటారు." తర్వాత నావైపు తిరిగింది. "మీరు చెప్తారు అనుకున్నాను, అంకుల్. అక్కడే. ఐ వెయిటెడ్."

లలితగారు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేను "క్షమించమ్మా" అన్నాను. "ఇట్స్ ఓకే" అన్నది. అది ఇక్కడి పిల్లలు అలవాటుగా అనే మాట. ఓకే కాదని మాకందరికీ తెలుసు.

సోమవారం డోరిస్ గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, గొలుసుకు వదిలి, విన్నది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ సొరుగు లాగి ఒక తెల్లకాగితం, ఒక నల్లకలం నా ముందు పెట్టింది.

"వ్రాయండి. సిరాతో."

పోటీ నిర్వాహకులకు ఆ ఉత్తరం అక్కడే కూర్చుని వ్రాశాను. ఎవరు తుడిచారో, ఏమని చెప్పి తుడిచారో, పిల్ల ఏమన్నదో, అన్నీ వ్రాశాను. రెండుచోట్ల మాట తప్పింది. రెండుచోట్లా అడ్డగీత గీశాను. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. ఫలితాలు తిరగదోడడం కుదరదు. పోటీ అయిపోయింది, రాష్ట్రస్థాయికి వెళ్లవలసినవాళ్ల పేర్లు వెళ్లిపోయాయి. అయితే ఆ విద్యార్థిని కాగితం మీద ఉన్న వ్యాఖ్యను కొట్టివేసి, మార్చినది ఉపాధ్యాయుడని ప్రక్కన చేర్చామని వ్రాస్తూ, ఆ కాగితం నకలు జతచేశారు. కొట్టివేసిన వ్యాఖ్య మీద ఒకే ఒక గీత ఉన్నది. క్రింద ఏమి ఉన్నదో చక్కగా చదవవచ్చు. దాని క్రింద నా పేరు ఉన్నది.

మా నాన్నగారు చేసే పని అదే. పైనున్నదాన్ని ముట్టుకోకపోవడం, అడుగున వ్రాసిపెట్టడం. గీత గీసినది నీలం స్వెట్టరు వేసుకున్న ఆ ముసలాయనే అయితే, ఆయన అది తెలిసిన మనిషి.

నాకు పడిన శిక్ష కాగితాలకు సంబంధించినది గనుక వదిలివేస్తున్నాను. తక్కువే పడింది. హారికకు ఆ వేసవి అవకాశం రాలేదు.

ప్రసన్నకు

నీకు సలహాలు ఇవ్వడానికి నాకు ఓపిక లేదు, అర్హత కూడా అంతంతమాత్రం. అయినా అడిగావు గనుక చెబుతాను.

ఇక్కడి బళ్లలో చాలామంది పిల్లలు నిన్ను ఎదిరిస్తారు. వాళ్లవల్ల నీకు తలనొప్పి వస్తుంది గాని నీ శాస్త్రానికి ప్రమాదం లేదు. నువ్వు జాగ్రత్తపడవలసినది మన ఇళ్లనుంచి వచ్చిన పిల్లల దగ్గర. వాళ్లు నిన్ను ఆంటీ అంటారు. గుడిలో నీకు నమస్కారం పెడతారు. నువ్వు తప్పు చెబితే పుస్తకం మూసుకుని ఊరుకుంటారు. ఆ మర్యాద మనకు ఎంతో హాయిగా ఉంటుంది. దాని మూల్యం వాళ్లు చెల్లిస్తారు. కనుక వాళ్ల ప్రయోగపుస్తకాన్ని ఎప్పుడూ నీ చేతిలోకి తీసుకోకు. బల్లమీదనే ఉంచి, చేతులు వెనక్కు కట్టుకుని చదువు. వినడానికి చాదస్తంగా ఉంటుంది. నేను పదకొండేళ్లు అలాగే చదివాను.

అలసిపోయి ఉన్నప్పుడు ఎవరి కొలతనూ చూడకు. రేపు చూస్తానని చెప్పు. కొలతలలో నేను చేసిన తప్పులన్నీ బడి విడిచాక మూడున్నర దాటిన తర్వాత చేసినవే.

ఇక మిగిలినది ఒక్కటే సంగతి. ఆ ఏప్రిల్‌లో, పోటీల కాలమంతా అయిపోయాక, హారిక ఒక సాయంకాలం ప్రయోగశాల తలుపు దగ్గర నిలబడింది. రెండు నెలలుగా తరగతిలో అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప నాతో మాట్లాడలేదు. ఒక చేతిలో కల్లుప్పు పొట్లం, ఇంకొక చేతిలో కొత్త పుస్తకం.

"సిక్స్ మళ్ళీ వస్తుందా చూడాలి, అంకుల్."

"దేనికమ్మా? పోటీ ఏమీ లేదు కదా."

"నాకు తెలియాలి, అంతే."

అలమారా తెరిచాను. గొట్టాలు, కడ్డీలు, తొట్టి అన్నీ తనే అమర్చుకున్నది. కొత్త ఉప్పునీళ్లు. బ్యాటరీ తగిలించాక నావైపు చూసి, కొంచెం గట్టిగానే చెప్పింది:

"మీరు రీడ్ చేయండి. నేను రాస్తాను. పెన్ నా దగ్గరే ఉంటుంది."

"అలాగే" అన్నాను.

హైడ్రోజన్ ఇరవై గీత చేరేదాకా ఇద్దరమూ గొట్టాలనే చూశాము. రెండవ గొట్టంలో లేత పసుపుపచ్చ వాయువు నెమ్మదిగా చేరుతున్నది. బ్యాటరీ తీసివేసింది. నేను చేతులు వెనక్కు కట్టుకుని వంగి చూశాను. నా మనసులో మూడు నెలలుగా ఉన్న సంఖ్య ఒకటే.

"ఆరు" అన్నాను.

హారిక వ్రాయలేదు. కలం పట్టుకునే నా ప్రక్కకు వచ్చి, మోకాళ్లు వంచి, కన్ను సరిగ్గా గీతకు సూటిగా ఉండేలా తల దించి చూసింది.

"ఫైవ్ పాయింట్ ఫైవ్, అంకుల్."

నా చత్వారమో, నా కోరికో, ఇప్పటికీ తేల్చుకోలేను. మళ్ళీ వంగాను. కళ్లద్దాలు సరిచేసుకుని, ఊపిరి బిగబట్టి చూశాను.

"ఐదున్నరే" అన్నాను.

అప్పటికే వ్రాసేసింది.